రెండొందల గజాల బిల్డింగ్‌కి స్ట్రక్చరల్ మోడల్: లెక్క తప్పేది ఎక్కడ

విజయవాడ పటమటలో అయినా, గుంటూరు కొరిటెపాడులో అయినా 200 గజాల స్థలం అంటే సాధారణంగా 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. చుట్టూ సెట్‌బ్యాక్ వదిలాక బిల్డింగ్‌కి దక్కేది సుమారు 24 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. కింద బళ్లకు స్టిల్టు, పైన మూడంతస్తులు, టెర్రస్ మీద ట్యాంకు. స్టాడ్, ఈట్యాబ్స్ లాంటి స్ట్రక్చరల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని మోడల్ చేయడం చెయ్యి తిరిగినవాళ్లకు ఒక పూట పని. మెంబర్లన్నీ (బీమ్‌లు, పిల్లర్లు) పాసయ్యేదాకా సైజులు అటూ ఇటూ మార్చడం ఇంకో గంట.

అలా పాసైన బిల్డింగుల్లో కూడా బాల్కనీ మొదట్లో పగుళ్లు వస్తాయి, హద్దు గోడ వెంబడి ఫుటింగ్ ఒకవైపు కుంగుతుంది. సమీకరణాలు సాధించడంలో సాఫ్ట్‌వేర్ పొరబడి కాదు. మనం ఇచ్చిన బిల్డింగ్‌నే అది లెక్కకడుతుంది. మేస్త్రి కట్టబోయేది వేరే బిల్డింగ్ అయితే దానికి తెలిసే దారి లేదు. బరువు నిజంగా ఏ దారిన కిందికి దిగుతుందో ఆ దారినే మోడల్‌లో పెట్టామా అన్నది చూసుకోవాల్సింది మనమే. పై కొలతల బిల్డింగ్‌నే పట్టుకుని, లెక్క ఎక్కడెక్కడ పక్కదారి పడుతుందో చూద్దాం.

ముందు కాగితం మీద ఒక్క పిల్లర్

మోడల్ తెరవకముందే మధ్య పిల్లర్ మీద పడే బరువు చేత్తో వేసుకోవాలి. వెడల్పులో మూడు వరసలు, పొడవులో అయిదు వరసలు, మొత్తం 15 పిల్లర్లు అనుకుందాం. వరసల మధ్య దూరం ఒకవైపు 3.65 మీటర్లు, ఇంకోవైపు 3.8 మీటర్లు. అంటే మధ్య పిల్లర్ వాటా 13.9 చదరపు మీటర్లు.

కాంక్రీటు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు (పది కిలోన్యూటన్లంటే సుమారు ఒక టన్ను; కింది బరువులన్నీ కిలోన్యూటన్లలోనే) కాబట్టి అయిదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకు 3.125. ఫ్లోరింగ్, కింద ప్లాస్టరింగ్ కలిపి 1.25 వేస్తే ఈ రెండిటి వల్ల పిల్లర్‌కి వచ్చేది 61 కిలోన్యూటన్లు. ఇంటి గదులకు ఐఎస్ 875 అనే భారత ప్రమాణ కోడ్ రెండో భాగం చెప్పే లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 2, దాని వాటా 28. బీమ్‌లు 230 × 450 మిల్లీమీటర్లు అయితే స్లాబ్ కిందికి దిగే భాగం 325 మిల్లీమీటర్లే. పిల్లర్ వాటాకి వచ్చే 7.45 మీటర్ల బీమ్ బరువు 14. పిల్లర్ సొంత బరువు 10. ఇక గోడలు. బీమ్‌ల మీద అన్నిచోట్లా నాలుగున్నర అంగుళాల గోడే అయితే, రెండువైపులా ప్లాస్టరింగ్‌తో మీటరుకు 7.1 చొప్పున 53. అదే తొమ్మిదంగుళాల గోడ అయితే మీటరుకు 13, మొత్తం 97.

ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. తొమ్మిదంగుళాల గోడ ఒక్కటే స్లాబ్, ఫ్లోరింగ్ రెండూ కలిసినదానికంటే బరువు. అయినా చాలా మోడళ్లలో స్లాబ్ మందం మూడు సార్లు సరిచూసి, గోడ లోడ్ మాత్రం పాత ఫైల్లోంచి కాపీ చేసేస్తారు. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక పేరు వినగానే తేలిక అనుకోవడం ఇంకో పొరపాటు. దాని బరువు ఎర్ర ఇటుకకు పెద్ద దూరంలో ఉండదు. నిజంగా తేలిక ఏఏసీ బ్లాకు. 200 మిల్లీమీటర్ల ఏఏసీ గోడ ప్లాస్టరింగ్‌తో కలిపి మీటరుకు 5 దగ్గర ఆగుతుంది. డిజైన్ ఏఏసీకి చేసి, మధ్యలో ఓనర్ ఇటుక వైపు మొగ్గితే ప్రతి బీమ్ మీదా మీటరుకు 8 కిలోన్యూటన్లు అదనంగా కూర్చుంటాయి.

సన్న గోడలతో ఒక అంతస్తుకి 166, అంటే చదరపు మీటరుకు 12. మందపు గోడలతో 210, అంటే 15. మూడంతస్తులకు 166 చొప్పున వేసి, గోడల్లేని టెర్రస్‌కి 106 కలిపితే పునాదికి దిగేది సుమారు 600 కిలోన్యూటన్లు, అంటే 60 టన్నులు. మోడల్ రన్ అయ్యాక ఆ పిల్లర్ రియాక్షన్ (సపోర్టు దగ్గర చూపే బరువు), భద్రతా ఫ్యాక్టర్ కలపకుండా, దీనికి దగ్గర్లో ఉండాలి. వెడల్పు వైపు రెండే స్పాన్లు కాబట్టి బీమ్ మధ్య పిల్లర్ మీదుగా తెగకుండా సాగడం (కంటిన్యుటీ) వల్ల మధ్య వరసకి పది పదిహేను శాతం ఎక్కువ రావడం సహజం. 400 వచ్చినా, 900 వచ్చినా ముందుకు వెళ్లకూడదు. తక్కువ వస్తే సెల్ఫ్ వెయిట్ ఇవ్వలేదో, దాని దిశ తలకిందులైందో చూడాలి. ఎక్కువ వస్తే స్లాబ్‌ని ప్లేటుగా గీసి దాని సొంత బరువు ఇచ్చి, పైగా ఫ్లోర్ లోడ్‌లో కూడా స్లాబ్ బరువు కలిపి ఉంటారు. టెర్రస్ బీమ్‌ల మీద గోడ లోడ్ మిగిలిపోవడం కూడా తరచూ జరిగేదే.

తొమ్మిదంగుళాల పిల్లర్ మీద మోజు

గోడలో కలిసిపోతుందని మన దగ్గర అందరూ అడిగేది తొమ్మిది బై పన్నెండు పిల్లర్. 600ని భద్రతా ఫ్యాక్టర్ 1.5తో హెచ్చిస్తే 900. ఎం25 గ్రేడు కాంక్రీటు, ఎఫ్‌ఈ 500 గ్రేడు స్టీలు ఒక శాతంతో 230 × 300 పిల్లర్ నిలువు బరువు మాత్రమే మోస్తే, కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 సూత్రంలో వచ్చేది 914. అదిగో, పాసైంది!

కానీ ఆ సూత్రం వాడాలంటే బరువు మధ్య నుంచి పక్కకు జరిగే దూరం ఆ వైపు కొలతలో 5 శాతం లోపు ఉండాలి. 230కి 5 శాతం అంటే 11.5 మిల్లీమీటర్లు. ఐఎస్ 456 మాత్రం ఏ పిల్లర్‌కైనా కనీసం 20 మిల్లీమీటర్లు అనుకోమంటుంది. అంటే సూత్రమే ఇక్కడ చెల్లదు. ఇంకా భూకంపం తెచ్చే మూమెంట్ (వంచే ప్రభావం) అడుగు పెట్టనే లేదు.

విజయవాడ, గుంటూరు రెండూ భూకంప కోడ్ ఐఎస్ 1893-2016 మ్యాప్‌లో జోన్ 3. ఈ జోన్ నుంచి పైకి డక్టైల్ డిటెయిలింగ్ (ఊగినా ఒక్కసారిగా విరగకుండా స్టీలు కట్టే పద్ధతి) కోడ్ ఐఎస్ 13920 తప్పనిసరి. 2016 ఎడిషన్ ప్రకారం పిల్లర్ చిన్న వైపు 300 మిల్లీమీటర్లకు గానీ, అక్కడ దిగే బీమ్‌లోని లావు రాడ్ వ్యాసానికి 20 రెట్లకు గానీ తగ్గకూడదు. జాయింటు దగ్గర పిల్లర్ల మూమెంట్ శక్తి బీమ్‌ల శక్తికి కనీసం 1.4 రెట్లు ఉండాలి. 450 లోతు బీమ్‌ని 230 మందం పిల్లర్ మీద పెడితే ఈ నిష్పత్తి తలకిందులవుతుంది; ఊగినప్పుడు ముందు పిల్లరే విరుగుతుంది. 300 × 450 తీసుకుంటే నిలువు శక్తి సుమారు 1,790 కిలోన్యూటన్లు. 900 పోగా సగం మూమెంట్లకు మిగులుతుంది. గోడలోంచి బయటికి వచ్చేది 70 మిల్లీమీటర్లు, మూడంగుళాల కంటే తక్కువ. కప్‌బోర్డు వచ్చే వైపుకో, బయటి వైపుకో తోసేస్తే గదిలో కనిపించదు.

ఇక మోడల్‌లో ఈ పిల్లర్ ఏ వైపు తిరిగి ఉందో చూడాలి. స్టాడ్‌లో వైడీ, జెడ్‌డీ అనే లోతు, వెడల్పు కొలతలు తారుమారైనా, పిల్లర్‌ని తిప్పే బీటా యాంగిల్ 90 మర్చిపోయినా 450 వైపు ఉండాల్సిన చోట 300 వైపు వస్తుంది. ఆ దిశలో బిగువు (వంగకుండా ఆపే గట్టిదనం) 2.25 రెట్లు పడిపోతుంది, డిజైన్ మాత్రం నిశ్శబ్దంగా నడిచిపోతుంది. త్రీడీ రెండరింగ్ పైనుంచి చూసి, సెంటర్‌లైన్ డ్రాయింగ్ పక్కన పెట్టుకుని పదిహేను పిల్లర్లూ ఒక్కొక్కటే టిక్ పెట్టుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. అన్ని పిల్లర్ల పొడుగు వైపూ ఒకే దిశలో ఉంటే రెండో దిశలో బిల్డింగ్ మెత్తబడుతుంది కాబట్టి కొన్నిటిని అటు, కొన్నిటిని ఇటు తిప్పాలి.

గీతలు దాటినంత మాత్రాన కలిసినట్టు కాదన్నది కూడా గుర్తుండాలి. రెండు బీమ్‌లు అడ్డంగా దాటిన చోట నోడ్ (కలిపే బిందువు) లేకపోతే స్టాడ్ దృష్టిలో అవి ఫ్లైఓవరూ కింద రోడ్డూ లాంటివి.

స్లాబ్: మెంబ్రేనా, షెల్లా

ఈట్యాబ్స్‌లో స్లాబ్‌ని మెంబ్రేన్‌గా ఇస్తే అది తన మీది బరువును చుట్టూ ఉన్న బీమ్‌లకు పంచేసి తప్పుకుంటుంది, వంపులో పాలు పంచుకోదు. షెల్‌గా ఇస్తే తానూ వంగుతుంది. ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి.

ఒకటి, షెల్ ఇచ్చి మెష్ చేయకపోవడం, అంటే దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టకపోవడం. అప్పుడు స్లాబ్ మీది బరువంతా నాలుగు మూలల నోడ్‌లకు, అంటే నేరుగా పిల్లర్లకు పోతుంది. రియాక్షన్ల మొత్తం సరిగ్గానే వస్తుంది, బీమ్ మూమెంట్లు మాత్రం గోడ బరువుకే వచ్చినంత ఉంటాయి. మొత్తం సరిపోయింది కదా అని ఊరుకుంటే ఇది దొరకదు. ఒక బీమ్ తీసుకుని లోడ్ చేత్తో వేసి చూస్తేనే దొరుకుతుంది.

రెండోది ఇంకా గుట్టుగా ఉంటుంది. షెల్‌కి మెష్ కూడా చక్కగా చేస్తారు. స్లాబ్ కొంత మూమెంట్ తీసుకోవడంతో బీమ్ మూమెంట్లు తగ్గుతాయి, ఆ తగ్గిన వాటికే బీమ్ స్టీలు ఇస్తారు. స్లాబ్ స్టీలు మాత్రం ఐఎస్ 456 అనుబంధంలోని కోఎఫిషియెంట్ల పట్టికతో వేస్తారు. ఆ పట్టిక బీమ్‌లు కదలని సపోర్టులని అనుకుంటుంది. అలా బీమ్‌కీ స్లాబ్‌కీ మధ్య కొంత మూమెంట్ ఎవరి ఖాతాలోనూ పడకుండా జారిపోతుంది. బీమ్‌లూ స్లాబ్‌లూ ఉన్న మామూలు ఇళ్లకు మెంబ్రేన్, పట్టిక జోడీయే మేలు. షెల్ ఫలితాలు వాడదలిస్తే బీమ్‌కీ స్లాబ్‌కీ రెండిటికీ వాటినే వాడాలి.

గోడ కింద బీమ్ కనపడకూడదని అడిగితే వేసే కన్సీల్డ్ బీమ్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అయిదంగుళాల స్లాబ్‌లో అయిదంగుళాల లోతునే నాలుగు రాడ్లు, రింగులు కడితే అది కాస్త ఎక్కువ స్టీలున్న స్లాబ్ ముక్క, బీమ్ కాదు. బిగువు లోతు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 450 లోతు బీమ్ బిగువులో దానికుండేది నలభయ్యో వంతు కూడా కాదు. మోడల్‌లో దాన్ని బీమ్‌గా గీస్తే స్లాబ్ రెండు ముక్కలై, బరువు దాని మీదికి పోతుందని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. సైట్‌లో ఆ బరువు అసలు బీమ్‌ల దాకా పూర్తి స్పాన్‌లో వంగుతూ పోతుంది. దాన్ని మోడల్‌లో గీయకుండా, పూర్తి స్పాన్ స్లాబ్‌కి గోడ లోడ్ కలిపి డిజైన్ చేయాలి.

బాత్రూమ్‌లో పైపుల కోసం కిందికి దించే సంక్ స్లాబ్‌లో ఇటుక ముక్కలు, ఇసుక నింపితే 200 మిల్లీమీటర్లకే చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్ల దాకా పెరుగుతుంది. అంటే లైవ్ లోడ్‌కి రెండింతలు. ఇది డిజైనర్ కంటే ప్లంబర్‌కే బాగా తెలుసు.

బాల్కనీ దగ్గర ఏం జరుగుతుంది

నాలుగడుగుల బాల్కనీని దగ్గరగా చూద్దాం. 1.2 మీటర్ల క్యాంటిలివర్, అంటే ఒక చివరే ఆధారమున్న స్లాబ్. స్లాబ్, ఫ్లోరింగ్, బాల్కనీకి కోడ్ అడిగే 3 కిలోన్యూటన్ల లైవ్ లోడ్ కలిపి చదరపు మీటరుకు 7.4. మీటరు వెడల్పుకి మొదట్లో వచ్చే మూమెంట్ 5.3 కిలోన్యూటన్ మీటర్లు. చివర మీటరు ఎత్తు పిట్టగోడ కడితే దాని బరువు 2.8, మూమెంట్ 3.4. మొత్తం 8.7. ఫ్లోర్ లోడ్ ఇచ్చి పిట్టగోడ మర్చిపోతే అక్కడే నలభై శాతం పోయింది.

ఇక మన ఊళ్లలో జరిగేది: ఇల్లు చేరిన ఏడాదికి బాల్కనీని గదిలో కలిపేసి, అంచున తొమ్మిదంగుళాల గోడ లేపడం. ఆ గోడ ఒక్కటే 15.6 మూమెంట్ తెస్తుంది, స్లాబ్ సొంతదానికి మూడింతలు. కలుపుకునే ఉద్దేశం ఉందా అని ముందే అడిగి, ఉంటే అంచున గోడ లోడ్ మొదటే వేయాలి. లేదా క్యాంటిలివర్ బీమ్‌లు ఇచ్చి గోడను వాటి మీద కూర్చోబెట్టాలి.

ఈ 8.7 మూమెంట్ బీమ్ దాటి ఎక్కడికి పోతుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. బాల్కనీ వెనక గది స్లాబ్ అదే మట్టంలో కొనసాగుతుంటే, పై రాడ్లు లోపలికి బాగా దూరం వెళ్తే, ఆ స్లాబ్ వెనక్కి పట్టుకుంటుంది. బీమ్ పెద్దగా మెలి తిరగదు. వెనక సంక్ స్లాబో, మెట్ల ఖాళీయో ఉంటే పట్టుకునేది ఎవరూ లేరు. అప్పుడు మూమెంట్ మొత్తం బీమ్‌ని మెలి తిప్పుతుంది. 3.65 మీటర్ల బీమ్‌లో ఒక్కో చివర 1.5 ఫ్యాక్టర్‌తో సుమారు 24 కిలోన్యూటన్ మీటర్ల టార్షన్. బీమ్‌కి ఇది చిన్న అంకె కాదు.

డిజైన్ పాస్ కావడం లేదని బీమ్ టార్షన్ బిగువును సున్నా దగ్గరికి తగ్గించేయడం చాలామందికి అలవాటు. సెకండరీ బీమ్ వచ్చి మెయిన్ బీమ్‌లో కలిసే చోట అది ఒప్పుకోదగ్గదే. అక్కడ మెయిన్ బీమ్ కాస్త మెలి తిరిగి పగిలితే, సెకండరీ బీమ్ తన మధ్య భాగంలో ఆ మూమెంట్‌ని తీసుకుంటుంది. ఆ పొదుపును ఐఎస్ 456 కూడా ఒప్పుకుంటుంది. వెనక స్లాబ్ లేని బాల్కనీ బీమ్‌లో మాత్రం టార్షన్ తగ్గిస్తే, మూమెంట్ పోయే ఇంకో దారి లేదు కనుక బాల్కనీ కిందికి తిరుగుతుంది. తగ్గించే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ బీమ్ మెలి తిరగడం మానేస్తే బరువు మోయడానికి ఇంకెవరైనా ఉన్నారా?

కాంక్రీటు రోజున కూడా ఒక కన్నేయాలి. క్యాంటిలివర్‌లో స్టీలు పైన ఉండాలి. దాని మీద మనుషులు నడిచి రాడ్లు 25 మిల్లీమీటర్లు కిందికి దిగితే, 100 ఉండాల్సిన ప్రభావ లోతు (స్లాబ్ కింది అంచు నుంచి రాడ్ల దాకా) 75 అవుతుంది. శక్తిలో నాలుగోవంతు పోయినట్టే. రాడ్ల కింద కుర్చీలు కట్టించకపోతే మోడల్ ఎంత సరిగ్గా ఉన్నా వృథా.

గోడల్లేని కింది అంతస్తు

మామూలు మోడల్‌లో గోడలు బరువుగా ఉంటాయి తప్ప బిగువుగా ఉండవు. బేర్ ఫ్రేమ్ అంటారు. ఊపు ఇస్తే అన్ని అంతస్తులూ ఇంచుమించు సమానంగా జరిగినట్టు చూపిస్తుంది. నిజమైన బిల్డింగ్‌లో పై మూడంతస్తులూ గోడలతో పెట్టెలా బిగుసుకుని ఉంటాయి, స్టిల్టులో మాత్రం పిల్లర్లే. జరుగుడంతా ఆ మూడు మీటర్లలోనే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఎన్నో ఇలా కింద ఖాళీగా వదిలినవే.

ఐఎస్ 1893-2016 గోడను రెండు చివరలా తిరగగలిగేలా పిన్ చేసిన వికర్ణ స్ట్రట్‌గా (ఏటవాలు కడ్డీగా) పెట్టమంటుంది. 300 × 450 పిల్లర్లు, తొమ్మిదంగుళాల ఇటుక గోడ, మన స్పాన్లు వేస్తే స్ట్రట్ వెడల్పు సుమారు అర మీటరు వస్తుంది, మందం గోడదే. ఏటవాలు గీతలన్నీ పెట్టి రన్ చేయగానే బొమ్మ మారిపోతుంది. పై అంతస్తులు గట్టిబడి, కింద పిల్లర్ల మూమెంట్లు పైకి లేస్తాయి. పాత 2002 ఎడిషన్ స్టిల్టు పిల్లర్లను, బీమ్‌లను 2.5 రెట్ల శక్తికి డిజైన్ చేయమనేది. 2016 ఎడిషన్ కాంక్రీటు గోడలనో, బ్రేసింగ్‌నో పెట్టి స్టిల్టును గట్టిచేయమంది. లిఫ్ట్ చుట్టూ ఇటుక కట్టే బదులు కాంక్రీటు గోడ పోయడం ఇందుకు అందుబాటులో ఉన్న దారి.

అయితే ఆ లిఫ్ట్ ఎక్కడుందన్నది చూడాలి. వాస్తు చూసి బరువంతా నైరుతికి తోస్తారు: ట్యాంకు అక్కడే, మెట్లు, లిఫ్ట్ ఆ దగ్గర్లోనే. అంటే బిగువు ఒక మూలకు చేరిపోతుంది. ఊపు వచ్చినప్పుడు బిల్డింగ్ ఆ మూలను ఇరుసు చేసుకుని తిరుగుతుంది. ఎదురు మూల, అంటే ఈశాన్యం పిల్లర్ల మీద దెబ్బ పడుతుంది. వాస్తు మార్చమంటే ఓనర్ ఒప్పుకోడు. ఈశాన్యం వైపు వరసలో ఒకటి రెండు చోట్ల కాంక్రీటు గోడ ముక్కలు పెట్టమంటే ఒప్పుకుంటాడు. బిల్డింగ్ ఊగే తీరు చూపించే మోడ్ షేప్ యానిమేషన్‌లో మొదటి మోడ్ నేరుగా ఒక దిశలో ఊగాలి. తిరుగుతూ కనిపిస్తే ప్లాన్ దగ్గరికి వెనక్కి వెళ్లాలి. ఒక అంతస్తులో ఒక చివర జరుగుడు రెండో చివర జరుగుడికి ఒకటిన్నర రెట్లు దాటితే కోడ్ దాన్ని టార్షన్ లోపంగానే లెక్కిస్తుంది.

మెట్ల మధ్య ల్యాండింగ్ కోసం పిల్లర్ సగం ఎత్తులో బీమ్ వేస్తే, మూడు మీటర్ల పిల్లర్ రెండు ఒకటిన్నర మీటర్ల ముక్కలవుతుంది. పొట్టి ముక్క బిగుసుకుని, పక్క పిల్లర్ల వాటా కూడా లాక్కుని షియర్‌లో (అడ్డంగా కోసే బలానికి) పగులుతుంది. మోడల్‌లో మెట్లను లోడ్‌గా మాత్రమే వేసినా, ఆ ల్యాండింగ్ బీమ్‌ని తప్పకుండా గీయాలి. అలాంటి పిల్లర్‌కి దగ్గర రింగులు పూర్తి ఎత్తునా ఇవ్వాలి.

భూకంపం ఎంత, గాలి ఎంత

మన ప్రాంతానికి భూకంపం కొత్త కాదు: 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. జోన్ 3 అంకె 0.16. డక్టైల్ ఫ్రేమ్‌కి ఆర్ విలువ (విరగకుండా వంగే శక్తిని బట్టి భూకంప బలాన్ని తగ్గించే భాజకం) 5, మామూలు ఇంటికి ఇంపార్టెన్స్ 1. మన బిల్డింగ్ ఎత్తు 12 మీటర్లు, వెడల్పు 7.3, గోడలున్న ఫ్రేమ్ సూత్రంతో పీరియడ్ (ఒకసారి ఊగడానికి పట్టే కాలం) 0.40 సెకన్లు. గ్రాఫ్‌లో అది పైన చదునుగా ఉన్న భాగం, 2.5. 0.16లో సగాన్ని 2.5తో హెచ్చించి, 5తో భాగిస్తే బిల్డింగ్ బరువులో 4 శాతం. లైవ్ లోడ్‌లో పావు వంతు కలుపుకుని బరువు 4,800 కిలోన్యూటన్లు అనుకుంటే బేస్ షియర్ (పునాది దగ్గర అడ్డంగా పడే మొత్తం బలం) 192. పదిహేను పిల్లర్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 13, ఫ్యాక్టర్‌తో 19. స్టిల్టు ఎత్తులో సగం, 1.5 మీటర్లతో హెచ్చిస్తే పిల్లర్ చివర 29 కిలోన్యూటన్ మీటర్ల మూమెంట్. మోడల్ ఇచ్చే సగటు దీని చుట్టుపక్కల లేకపోతే ఏదో తప్పు ఉంది.

తరచూ తప్పేది పీరియడ్. సాఫ్ట్‌వేర్ బేర్ ఫ్రేమ్‌కి తనంతట తాను లెక్కకట్టి ఒక సెకను అని ఇవ్వొచ్చు. మధ్యస్థ నేలకు అప్పుడు 2.5 కాస్తా 1.36కి పడిపోయి, షియర్ దాదాపు సగమవుతుంది. అందుకే డైనమిక్ విశ్లేషణలో వచ్చిన షియర్‌ని సూత్రం పీరియడ్‌తో వచ్చిన 192కి స్కేల్ చేయాలి. రింగులు మామూలుగా కట్టి, లెక్కలో మాత్రం ఆర్ 5 వేసుకోవడం ఇంకో మోసం. మామూలు ఫ్రేమ్ ఆర్ 3తో అదే బిల్డింగ్‌కి షియర్ 320 అవుతుంది, అసలు జోన్ 3లో ఆ రకం ఫ్రేమ్‌ని కోడ్ ఒప్పుకోదు.

గాలిని చిన్న బిల్డింగులకు వదిలేయడం కూడా అలవాటే. విజయవాడకి ఐఎస్ 875 మూడో భాగంలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఊరి మధ్య, పది మీటర్ల ఎత్తులో, తగ్గింపులన్నీ పోను చదరపు మీటరుకు సుమారు 0.9 కిలోన్యూటన్లు. 15.2 మీటర్ల పొడుగు ముఖం మీద, స్టిల్టు ఖాళీ వదిలి పిట్టగోడ కలిపితే 152 చదరపు మీటర్లు. బిల్డింగ్ ఆకారానికి వేసే సుమారు 1.2 గుణకం కలిపితే మొత్తం 160 పైనే తేలుతుంది. భూకంపం 192కి ఇది ఎంతో దూరం కాదు. ఏఏసీ బ్లాకులతో బిల్డింగ్ తేలికైతే గాలిదే పైచేయి కావచ్చు.

జరుగుడు చూసేటప్పుడు పగిలిన కాంక్రీటు బిగువు తీసుకోవాలి: పిల్లర్లకు 70 శాతం, బీమ్‌లకు 35 శాతం. పూర్తి బిగువుతో చూస్తే మూడు మీటర్ల అంతస్తుకి ఉన్న 12 మిల్లీమీటర్ల హద్దు దాటినట్టు సాధారణంగా కనిపించదు.

నేల లోపల

పిల్లర్ మొదలయ్యేది ఫుటింగ్ పైనుంచి, స్టిల్టు ఫ్లోర్ నుంచి కాదు. మట్టిలో ఉన్న ఒకటిన్నర రెండు మీటర్లు మోడల్‌లో లేకపోతే పిల్లర్ ఉన్నదానికంటే పొట్టిగా, గట్టిగా కనిపిస్తుంది. నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీమ్‌లను కూడా గీయాలి. సపోర్టు ఫిక్స్‌డ్ అంటే ఫుటింగ్ కొంచెం కూడా తిరగదని హామీ ఇచ్చినట్టు. గుంటూరు నల్లరేగడిలో విడి ఫుటింగ్ అలా నిలబడదు. ఫిక్స్‌డ్‌గా ఒకసారి, పిన్‌డ్‌గా (తిరగనిచ్చి) ఒకసారి రన్ చేసి, ఫుటింగ్‌కి మొదటిదాని మూమెంట్, పిల్లర్‌కి రెండిటిలో పెద్దది తీసుకోవాలి. నల్లరేగడి వానాకాలం ఉబ్బుతుంది. ప్లింత్ బీమ్ కింద 75 నుంచి 100 మిల్లీమీటర్ల ఖాళీ వదలకపోతే మట్టి బీమ్‌ని కిందినుంచి ఎత్తుతుంది. ఆ ఎత్తుడు ఏ లోడ్ కేసులోనూ ఉండదు.

విజయవాడలో మొగల్రాజపురం కొండ అంచున రాయి తగిలితే, బుడమేరు పల్లంలో అజిత్‌సింగ్ నగర్ వైపు మెత్తటి మట్టి. పక్క వీధి సాయిల్ రిపోర్టు పనికిరాదు. 2024 సెప్టెంబరు వరదలో రోజుల తరబడి నీళ్లు నిలిచిన చోట, రిపోర్టులో నీటిమట్టం ఎక్కడ అనుకున్నారో చూడాలి. మన మధ్య పిల్లర్ 600కి ఫుటింగ్ బరువు పదోవంతు కలిపి, నేల చదరపు మీటరుకు 150 కిలోన్యూటన్లు మోస్తుందంటే 2.1 మీటర్ల చదరం చాలు. 100 అయితే 2.6 కావాలి.

ఏదైనా వైపు సెట్‌బ్యాక్ లేకుండా హద్దు మీదే పిల్లర్ వస్తే, అక్కడ అసలు గొడవ. పక్క స్థలంలోకి ఫుటింగ్ పోకూడదు కాబట్టి 1.5 మీటర్ల వెడల్పు ఫుటింగ్‌కి పిల్లర్ ఒక అంచునే కూర్చుంటుంది. 300 పిల్లర్ మధ్యకీ, ఫుటింగ్ మధ్యకీ తేడా 0.6 మీటర్లు. 350 కిలోన్యూటన్ల బరువుకి అది 210 మూమెంట్. ఫుటింగ్ రెండో అంచు లేచిపోయి, మట్టికి ఆనేది పిల్లర్ వైపు 0.45 మీటర్ల పట్టీ మాత్రమే. ఫుటింగ్ పొడవు 2 మీటర్లయితే అంచు దగ్గర ఒత్తిడి 778 దాకా పోతుంది. నేల మోసేది 150. మోడల్‌లో సపోర్టు పిల్లర్ కిందే ఉంటుంది కాబట్టి ఇందులో ఒక్క అంకె కూడా రిపోర్టులో కనపడదు. లోపలి పిల్లర్ ఫుటింగ్ దాకా, ఫుటింగ్ తిరగకుండా పట్టే స్ట్రాప్ బీమ్ కట్టాలి, లేదా రెండిటికీ కలిపి ఒకే ఫుటింగ్ వేయాలి. ప్లింత్ బీమ్ ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. 210 మూమెంట్‌కి దాన్ని డిజైన్ చేసి ఉంటే తప్ప అది స్ట్రాప్ కాదు.

బిల్డింగ్ కింద అంతటా ఒకే పలకలా రాఫ్ట్ వేస్తే, నేల ఎంత కుంగుతుందో చెప్పే స్ప్రింగ్ విలువ ఎలా తీసుకున్నారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. నేల 100 మోస్తుందనుకుందాం. 2.5 సేఫ్టీ ఫ్యాక్టర్‌తో చరమ బలం 250ని 25 మిల్లీమీటర్లతో భాగిస్తే ఘనపు మీటరుకు 10,000. అదే 100ని రాఫ్ట్‌కి అనుకున్న 50 మిల్లీమీటర్ల కుంగుదలతో భాగిస్తే 2,000. అయిదు రెట్లు తేడా. ఏదో ఒకటి ఎంచుకుని ధీమాగా ఉండటం కంటే రెండిటితోనూ రన్ చేసి, ప్రతి చోటా పెద్ద మూమెంట్‌కి స్టీలు ఇవ్వడం మంచిది.

డ్రాయింగ్‌తో పాటు వెళ్లాల్సిన కాగితం

స్టీలు డ్రాయింగ్‌తో పాటు ఒక పేజీలో మోడల్‌లో ఏమేం అనుకున్నామో రాసి ఓనర్‌కీ, మేస్త్రికీ ఇవ్వాలి: ఏ బీమ్ మీద ఎంత మందం గోడ, ఏ ఇటుక, ట్యాంకు ఎన్ని లీటర్లు, ఏ నైరుతి పిల్లర్ల మీద, ఏ బాల్కనీ అంచున గోడ లేదు, ఫ్లోరింగ్ మందం ఎంత. టైల్స్ బదులు 20 మిల్లీమీటర్ల గ్రానైట్, దాని కింద 50 మిల్లీమీటర్ల బెడ్ వేస్తే చదరపు మీటరుకు 1.6 అవుతుంది. కింది ప్లాస్టరింగ్‌తో కలిపి మనం ఉంచింది 1.25 మాత్రమే.

ఆ కాగితంలో పెంట్‌హౌస్ సంగతి తప్పకుండా ఉండాలి. టెర్రస్ మీద ఇంకో అంతస్తు వస్తే మధ్య పిల్లర్ 600 నుంచి 770కి పోతుంది. ముందే చెబితే ఫుటింగ్ 2.1 మీటర్ల నుంచి 2.4కి పెరుగుతుంది, అంటే వైపుకి అడుగు కంటే తక్కువ. స్టిల్టులో కార్లు పెట్టుకోవడం మొదలయ్యాక చెబితే ఫ్లోర్ పగలగొట్టి, పిల్లర్ చుట్టూ తవ్వి ఫుటింగ్‌ని వెడల్పు చేయాలి. ఆ పని ఒకటి కాదు, పదిహేను పిల్లర్లకూ చూడాలి.